ఆదివారం నడక – మా వాడకట్టు పిల్లులు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు నకారా గారి కేసు జ్ఞాపకం రావాలి. పెన్షను అనేది సర్కారు దయతలచి వేసే భిక్ష కాదు, అది ఉద్యోగి హక్కు అని 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ విషయం మీద, డి.ఆర్. బకాయిల మీద, ఆరోగ్య కార్డుల మీద మాట్లాడడానికి నాకన్న సమర్థులు ఈ వేదిక మీదనే ఉన్నారు. కార్యదర్శి గారు మాత్రం వారం కింద మా ఇంటికి వచ్చి, "అవన్నీ మేము చూసుకుంటాం, మీరు ఆ పిల్లుల సంగతి చెప్పండి, ఆడవాళ్ళు, పిల్లలు కూడా వింటారు" అన్నారు. రెవెన్యూ కచేరీలో ముప్పై నాలుగు సంవత్సరాలు నోటు రాసి పైకి పంపిన వాణ్ణి. పై నుండి ఉత్తర్వు వస్తే కాదనే అలవాటు లేదు.

ముందు నడక సంగతి. మన టేకుమట్ల చిన్న ఊరు. 2016 అక్టోబరులో జిల్లాల విభజన జరిగినప్పుడు మండల కేంద్రమైంది గాని, అంతకు ముందు చిట్యాల మండలంలో, వరంగల్ జిల్లాలో ఉండేది. రిటైరయ్యాక నాకు షుగరు వచ్చింది. డాక్టరు గారు రోజూ నడవమన్నారు. రోజూ ఒక్కణ్ణే నడిస్తే విసుగు. అందుకని మేము ఐదుగురం కలిసి ఆదివారం ఆదివారం దూరం నడవడం మొదలుపెట్టాం. పెన్షనర్లకు అన్ని రోజులూ ఆదివారాలే గదా అని మీరు నవ్వవచ్చు. మాలో ఒకాయన ఇప్పటికీ ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తాడు, ఆయనకు ఆదివారమే తీరిక. పైగా మనుమలు, మనుమరాండ్లు బడి లేని రోజైతేనే వెంట వస్తారు.

పొద్దున ఆరు గంటలకు బస్సులు ఆగే దగ్గర కలుసుకుని చలివాగు దిక్కు పోతాం. ఎప్పుడైనా ఆటో మాట్లాడుకుని గర్మిళ్ళపల్లి దాకా పోయి మానేరు ఒడ్డున తిరిగి వస్తాం. ఊరి పేరులో టేకు ఉంది గాని మా దారిలో ఎక్కువగా కనబడేది సర్కారు తుమ్మ, తాటిచెట్లు, పొలం గట్ల మీద తంగేడు. మాఘ ఫాల్గుణాల్లో మోదుగు పూస్తే ఆ దిక్కంతా నిప్పు అంటుకున్నట్టు ఉంటుంది. పాలపిట్టను దసరా నాడు చూస్తేనే పుణ్యమని మనవాళ్ళు వెతుకుతారు. కరెంటు తీగల మీద చలికాలమంతా కూర్చుని ఉంటుంది, ఎవరూ తల ఎత్తరు. తీతువుపిట్ట మన అడుగుల చప్పుడు విని అరుస్తూ లేస్తుంది. అది అరిస్తే చావు కబురు అంటారు. అది నేల మీద గులకరాళ్ళ మధ్యన గుడ్లు పెడుతుంది, మనం దగ్గరికి పోతే తొక్కుతామని భయపడి అరుస్తుంది, అంతే. పిల్లి ఎదురైతే పని కాదన్న మాట కూడా ఇటువంటిదే. నేను ఉద్యోగంలో ఉండగా ఒక పెద్దమనిషి పిల్లి ఎదురైందని ఇంటికి తిరిగిపోయి, మ్యుటేషను విచారణకు హాజరు కాక, కేసు పోగొట్టుకున్నాడు. పిల్లి మాత్రం ఆ రోజు తన పని తాను చూసుకునే ఉంటుంది.

ఒక జనవరి ఉదయం మంచులో వాగు పక్కన తుంగలో నుండి ఒక జంతువు బయటికి వచ్చి మమ్మల్ని చూసి నిలబడింది. మా ఎరువుల లెక్కలాయన "పులిపిల్ల" అని నా చెయ్యి పట్టుకున్నాడు. పొడుగు కాళ్ళు, పొట్టి తోక, చెవుల కొసన నల్లని వెంట్రుకలు. అది జంగపిల్లి. తుంగ, గడ్డి ఉన్న చోట, పొలాల అంచున ఉండి ఎలుకలను పట్టుకు తింటుంది. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం దానికి రక్షణ ఉంది, కొట్టడం, పట్టడం నేరం. అది రెండు నిమిషాలు మమ్మల్ని తనిఖీ చేసి, మాలో పనికొచ్చేది ఏదీ లేదని తేల్చుకుని, మళ్ళీ తుంగలోకి పోయింది. ఇంటికి వచ్చేటప్పుడు నా మనుమరాలు అడిగింది, "తాతా, మన వాడకట్టు పిల్లులు కూడా ఒకప్పుడు గిట్లనే ఉండెనా?" అని. ఆ ప్రశ్నకు జవాబు తర్వాత పేపర్లో చదివి తెలుసుకున్నాను. మన ఇళ్ళ పిల్లి మూలం జంగపిల్లి కాదట, పడమటి ఆసియా, ఆఫ్రికాల వైపు ఉండే మరొక అడవి పిల్లి. మనిషి ధాన్యం నిలువ చేయడం మొదలుపెడితే ఎలుకలు వచ్చినవి, ఎలుకల వెంట పిల్లి వచ్చింది. సైప్రస్ దీవిలో తొమ్మిదిన్నర వేల సంవత్సరాల నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లిని కూడా పూడ్చిపెట్టినట్టు 2004లో వెల్లడి చేశారు. అంటే పిల్లి తన అవసరానికి తానే వచ్చింది. అందుకే దానికి మన మీద అంత లెక్క లేదు.

కచేరీలకూ పిల్లికీ పాత సంబంధం ఉంది. 1868లో లండను పోస్టాఫీసు మనీఆర్డరు విభాగంలో ఎలుకలు కాగితాలు కొరుకుతున్నవని, మూడు పిల్లులను పెట్టుకోవడానికి అనుమతి ఇచ్చి, వాటి పోషణకు మూడింటికీ కలిపి వారానికి ఒక షిల్లింగు మంజూరు చేశారు. చాలకపోతే ఎలుకలు ఉన్నవి గదా అన్నది పై అధికారుల వాదన. ఈ సంగతి చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. మన రికార్డు రూముల్లో పాత బస్తాలు విప్పితే ఎలుక కొరికిన సేత్వార్లు, పహాణీలు ఎన్ని చూడలేదు! ఒక్క పిల్లికి మంజూరు అడిగే ధైర్యం మనలో ఎవరికీ లేకపోయింది.

ఇక్కడ నేను ఒక పాత విషయం చెప్పాలి. చెప్పకుండా దాటవేయవచ్చు గాని, దాటవేస్తే ఇవ్వాళ నేను పిల్లుల గురించి మాట్లాడడానికి అర్హుణ్ణి కాను.

1991 వానాకాలం. నేను వేరే ఊళ్ళో పనిచేస్తున్నాను. గూనపెంకుల ఇంట్లో కిరాయికి ఉన్నాం. మా ఇంట్లో ఆమె ఒక పిల్లికి రోజూ ఇంత పాలబువ్వ వేసేది. బుజ్జి అని పిలిచేది. జమాబంది రోజులు, పని తెమలక కొన్ని మిసళ్ళు ఇంటికి తెచ్చుకున్నాను. తేవద్దని రూలు ఉంది, మనమందరం తెచ్చినవాళ్ళమే. తెల్లవారి చూస్తే ఒక మిసలు మీద ఆ పిల్లి చేసిన పని కనబడింది. సిరా అంతా అలుక్కుపోయింది. నాకు కోపం ముంచుకొచ్చింది. అంతకు కొద్ది రోజుల ముందే నాకు ఒక మెమో వచ్చి ఉంది, ఆ కోపం కూడా ఇందులో కలిసింది. ఆమె నీళ్ళకు పోయిన సమయం చూసి, పిల్లిని గోనెసంచిలో వేసి మూతి కట్టి, మొదటి బస్సు ఎక్కి, పన్నెండు పదమూడు మైళ్ళ దూరంలో ఒక వాగు దగ్గర దిగి విడిచిపెట్టి వచ్చాను. సంచి విప్పితే అది పారిపోలేదు. నా కాళ్ళ చుట్టూ తిరిగింది. నేను తిరుగు బస్సు ఎక్కాను.

సాయంత్రం కచేరీ నుండి ఇంటికి వచ్చేసరికి ఆమె అటక మీదికి నిచ్చెన వేసుకుని ఉంది. నన్ను చూసి ఒక్క మాట అడిగింది. "దాన్ని ఏడ ఇడిసిపెట్టొచ్చిన్రు?"

అటక మీద పాత చాటలో మూడు పిల్లలు. కండ్లు కూడా తెరవలేదు.

మరునాడు సెలవు పెట్టి అదే బస్సులో అదే వాగు దగ్గరికి పోయాను. పొద్దంతా తిరిగాను. పిలవడానికి "బుజ్జీ" అన్న పేరు నా నోట ఎప్పుడూ రాలేదు, ఆనాడే మొదటిసారి పిలిచాను. దొరకలేదు. ఆమె దూదివత్తిని పాలల్లో ముంచి ఆ పిల్లల నోట్లో పిండేది. ఆవుపాలు వాటికి పడవని మాకు అప్పుడు తెలియదు. నాలుగు రోజుల్లో మూడూ పోయినవి. ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఇరవై ఎనిమిది సంవత్సరాల తర్వాత, 2019లో ఆమె పోయేదాకా ఆ ఊసు ఎత్తలేదు. మా ఇంట్లోకి మళ్ళీ పిల్లిని రానివ్వనూ లేదు. వస్తే తానే అదిలించేది. ఎందుకో నాకు తెలుసు.

మిసలు సంగతి చెప్పలేదు గదూ. దాన్ని మళ్ళీ చక్కగా ఎత్తి రాశాను. రెండు గంటల పని.

ఇప్పుడు 2023కు వద్దాం. ఆ జూలై వానలు మీకు గుర్తుండే ఉంటవి. 27వ తేదీ తెల్లవారుజామున మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరు ఊరే మునిగి, జనం మిద్దెలెక్కితే హెలికాప్టర్లు వచ్చి తీసుకుపోవలసి వచ్చింది. మా దగ్గర చలివాగు కూడా నిండుగా పారుతున్నది. కరెంటు లేదు. నేను ఒక్కణ్ణే ఇంట్లో లాంతరు పెట్టుకుని కూర్చున్నాను. మా పక్కన ఒక పాడుబడ్డ ఇల్లు ఉంది, ఆ ఇంటివాళ్ళు హైదరాబాదులో ఉంటారు. అందులో ఒక మూడురంగుల పిల్లి పిల్లలు పెట్టింది. ఆ గోడ రాత్రి కూలింది. కాసేపటికి తడిసి ముద్దయిన పిల్లి నోట ఒక పిల్లను కరుచుకుని మా దర్వాజ దగ్గరికి వచ్చింది. లోపలికి వచ్చి, నా మంచం కింద దాన్ని పెట్టి, మళ్ళీ వానలోకి పోయింది. అట్లా మూడు సార్లు. మూడోసారి చాలాసేపు రాలేదు. నేను దర్వాజ దగ్గర నిలబడి ఎదురుచూశాను. వచ్చింది. ఆ మూడింటినీ చూస్తూ నాకు తెల్లవారిందాకా నిద్ర రాలేదు.

పిల్లి పిల్లలను ఏడిండ్లు తిప్పుతుందంటారు. ఇది మా ఇంటి దగ్గరనే ఆగింది. వైష్ణవ సంప్రదాయంలో మార్జాల కిశోర న్యాయమని ఒకటి చెబుతారు, మీలో చాలామందికి తెలిసినదే. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకోవాలి. పిల్లిపిల్ల ఏమీ చేయనక్కర లేదు, తల్లే మెడ దగ్గర పట్టుకుని తీసుకుపోతుంది. నేను ఆ మాట ఉపన్యాసాల్లో ఎన్నోసార్లు విన్నాను. చూసింది ఆ రాత్రి.

మనుమరాలు దానికి రంగి అని పేరు పెట్టింది. మూడు రంగుల పిల్లులు దాదాపు అన్నీ ఆడవేనని తర్వాత పశువైద్యుడు చెప్పాడు, అది పుట్టుకలోనే ఉన్న సంగతి. గోడల మీద పొద్దునా సాయంత్రం తిరిగి ఎవరింట్లో ఏం వండారో చూసి పోయే ఒక గండుపిల్లి ఉంది. దానికి నేను గిర్దావరు అని పేరు పెట్టాను. ఈ సభలో ఉన్న గిర్దావర్లు క్షమించాలి.

మచ్చిక చేసుకోవడం గురించి రెండు మాటలు. పిల్లి వెంట పడితే అది రాదు. మనం కూర్చుని పేపరు చదువుకుంటే అదే వస్తుంది. దాని కండ్లలోకి కన్నార్పకుండా చూస్తే బెదిరింపు అనుకుంటుంది. మెల్లగా కండ్లు మూసి తెరిస్తే అదీ అట్లాగే చేస్తుంది. 2020లో ఇంగ్లండులో పరీక్ష చేసి ఇది నిజమేనని రాశారు. నేను రంగితో ఇరవై రోజులు ఈ కండ్ల సంభాషణ చేస్తే ఇరవై ఒకటో రోజు వచ్చి చెప్పు మీద తల పెట్టింది. ఇక పాలు. పిల్లి అంటేనే పాలు అనుకుంటాం, సామెతలన్నీ అట్లాగే ఉన్నవి. కాని పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటవి. తీపి రుచి వాటికి తెలియదు. మాంసం, చేప లేనిదే వాటి ఒంటికి సరిపడదు. మేము శాకాహారులం కాదు గాని నాకు డాక్టరు మాంసం తగ్గించమన్నారు. అందుకని వారానికి రెండుసార్లు చేపల తలకాయలు తెచ్చి, ఉప్పుకారాలు లేకుండా ఉడికించి, ముండ్లు తీసి, అన్నంలో కలిపి పెడుతున్నాను. గిన్నెలో నీళ్ళు మాత్రం ఎప్పుడూ ఉంచాలి.

పిల్లల్లో ఒకదాన్ని కిరాణా దుకాణం వాళ్ళు తీసుకున్నారు, వాళ్ళ బియ్యం బస్తాలకు ఎలుకల బెడద తగ్గింది. ఒకటి ట్రాక్టరు కింద పడి పోయింది. ఒకటి మా ఇంట్లోనే ఉంది.

ఇదంతా బాగానే జరిగిందని చెప్పను. 2024 ఎండాకాలంలో రంగి మా ఎదురింటి చెల్లె కోడిపిల్లలను పట్టింది. ఒకటి కాదు, నాలుగు. ఆమెకు భర్త లేడు. కోళ్ళు, గుడ్ల మీద వచ్చే పైసలే చేతి ఖర్చు. ఆమె కోపంలో న్యాయం ఉంది. నా వాకిట్లో నిలబడి, "అన్నా, నీకు పించిని వస్తది, నువ్వు పిల్లులను సాదుకుంటవు. నా కోళ్ళు పోతే నాకెవరిస్తరు? దాన్ని సంచిల ఏసి మానేరు అవుతల ఇడిసి రా" అన్నది. ఆ సంచి మాట వినగానే నా కాళ్ళు ఒణికినవి. నవ్వి మాట మార్చాలని, "అక్కడ్నుంచి కూడా తిరిగి వస్తుంది చెల్లె" అన్నాను. ఆమె ఊరుకోలేదు. "ఎట్లొస్తది? బిర్జి కానే లేదు గద!" అన్నది. ఓడేడుకూ గర్మిళ్ళపల్లికీ మధ్యన 2016లో మొదలుపెట్టిన వంతెన గడ్డర్లు ఆ ఏప్రిల్ 22 రాత్రి గాలిదుమారానికి కూలిపడినవి, ఊరంతా అదే ముచ్చట. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, ఆమె కూడా కొంచెం నవ్వింది. కాని సాయంత్రం మళ్ళీ వచ్చి, ఈసారి నవ్వకుండా, "మందు పెడత" అన్నది. ఎలుకల మందు బువ్వలో కలిపితే ఎంతసేపు? 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఉందని చెప్పవచ్చు. అందులో మొదటి నేరానికి జరిమానా పది రూపాయల నుండి యాభై రూపాయలు. నాలుగు కోడిపిల్లల వెల అంతకన్న ఎక్కువ. చట్టంతో ఆమెను గెలవలేను.

ఆమెను కూర్చోబెట్టి 1991 సంగతి చెప్పాను. నా కొడుకులకు కూడా అంతదాకా చెప్పలేదు. ఆమె చెంగుతో ముఖం తుడుచుకుని, "అక్క నాతోని ఎన్నడు అనలే" అన్నది. మా ఇద్దరికీ ఒప్పందం ఏమైందంటే, నాలుగు కోడిపిల్లల పైసలు నేను ఇవ్వాలి. కోళ్ళ గంపకు బదులు ఇనుప జాలీ కొట్టిన గూడు నేను చేయించాలి. రంగికి ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించాలి. పిల్లి రెండు నెలలకే ఈనుతుంది, ఏడాదిలో రెండు మూడు ఈతలు. అన్నిటికీ అన్నం పెట్టడం నా పెన్షనుతో కాదు, వాటన్నిటినీ ఓర్చుకోవడం ఊరితో కాదు.

రంగిని గంపలో పెట్టి, పైన గుడ్డ కట్టి, హన్మకొండ బస్సు ఎక్కాను. గంపలో పెట్టేటప్పుడు ముంజేతిని గీరింది, రక్తం వచ్చింది. పెద్దలారా, ఇది శ్రద్ధగా వినండి. కుక్క కాటుకే సూది, పిల్లి గీరితే ఏమవుతుందని అనుకోవద్దు. పిల్లి వల్ల కూడా రేబిస్ రావచ్చు, వచ్చిన తర్వాత మందు లేదు. ధారగా పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం పెట్టవద్దు. ఆ రోజే సర్కారు దవాఖానకు పోవాలి. వెనకటి లాగ బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు లేవు. చేతికి చర్మంలో ఇస్తారు. మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు. నేను నాలుగూ వేయించుకున్నాను, నొప్పి అంతంత మాత్రమే. షుగరు ఉన్నవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి.

బస్సులో కండక్టరు గంప చూసి, "కోళ్ళా తాతా?" అన్నాడు. పిల్లి అంటే నమ్మలేదు. గుడ్డ ఎత్తి చూపించాను. "ఎక్కడ ఇడిసిపెడ్తవు?" అన్నాడు. అందరూ అదే అడుగుతారు. "ఆపరేషను చేయించి తిరిగి తెచ్చుకుంటా" అంటే, వెనక సీటు వాళ్ళు నా ముఖం చూశారు. ఆపరేషను అయ్యాక, దానికీ రేబిస్ టీకా వేయించి, రెండో రోజు సాయంత్రం బస్సుకు అదే గంపలో ఇంటికి తెచ్చాను. దిగేసరికి ఎదురింటి చెల్లె వాకిట్లో నిలబడి ఉంది. గంప నా చేతిలో నుండి తానే అందుకుంది.

రంగి ఇప్పటికీ ఆ జాలీ గూడు ముందర కూర్చుని లోపలి కోళ్ళను చూస్తుంది. దాని స్వభావం ఎక్కడికి పోతుంది? ఆదివారం మేము నడకకు బయలుదేరితే చివరి ఇల్లు దాటేదాకా వెనక వచ్చి, అక్కడ రాయి మీద కూర్చుంటుంది. మేము తొమ్మిదింటికి తిరిగి వచ్చేసరికి ఒక్కోసారి అక్కడే ఉంటుంది, ఒక్కోసారి ఉండదు.

వచ్చే ఆదివారం కూడా ఆరు గంటలకే బయలుదేరుతాం. చలి ఎక్కువగా ఉంది, రావాలనుకునే వాళ్ళు మఫ్లరు, చేతికర్ర తెచ్చుకోండి. నాకు మాత్రం తిరిగి వచ్చేటప్పుడు చేపలు తేవలసిన పని ఉంది. ఎదురింటి చెల్లె తనకు ఒక కిలో తెమ్మని, తలకాయలు రంగికి వేయమని చెప్పింది.